అబ్బా పాత బండిని ఇంట్లోనే బాగు చేసుకోవాలంటే: కాగితాల నుంచి కార్బొరేటర్ దాకా

గుంటూరైనా, కర్నూలైనా, వరంగల్ అయినా, హైదరాబాద్ పాతబస్తీ అయినా, చాలా ఇళ్ళల్లో మెట్ల కింద ఒక పాత బండి ఉంటుంది. మీద చిరిగిన దుప్పటి, దాని పైన పాత బకెట్లు, పిల్లల విరిగిపోయిన సైకిలు. అది అబ్బా నడిపిన యెజ్డీ కావచ్చు, దాదా కొన్న బుల్లెట్ కావచ్చు, మామూ కాలేజీకి వేసుకెళ్ళిన ఆర్‌ఎక్స్ 100 కావచ్చు. పండక్కి అందరూ కూడినప్పుడు ఎవరో ఒకరు "దీన్ని బాగు చేద్దాం రా" అంటారు. పానా పట్టుకోవడం అక్కడే మొదలైపోతుంది. నిజానికి పానా పట్టే ముందు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

ముందు కాగితాలు

మొదట ఆర్‌సీ బయటికి తీయాలి. అందులో ఉన్న ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూడాలి. పాత బండ్లలో ఎప్పుడో ఇంజన్ కేసు పగిలితే మెకానిక్ వేరే బండిది తెచ్చి బిగించి ఉంటాడు. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తెలియదు. తీరా వేలకు వేలు పెట్టి రంగు కూడా వేశాక ఆర్టీఏ ఆఫీసులో తెలిస్తే అప్పుడు చేయగలిగేది తక్కువ. నంబర్ల మీద తుప్పు ఉంటే కిరోసిన్ గుడ్డతో మెల్లగా తుడవాలి. గ్రైండర్ పెట్టొద్దు, గట్టి సాండ్ పేపర్ కూడా వద్దు. నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ట్రేసింగ్ తీసి దాచాలి, ఫొటో కూడా తీయాలి. ఫ్రేమును సాండ్ బ్లాస్టింగ్‌కు, పౌడర్ కోటింగ్‌కు ఇచ్చేటప్పుడు నంబరు ఉన్న చోట టేపు గట్టిగా చుట్టి ఇవ్వాలి. పౌడర్ మందంగా పడితే నంబరు చదవడానికి రాదు, అప్పుడు బండి దొంగ బండి లెక్క అయిపోతుంది.

బండి చనిపోయినవారి పేరు మీద ఉంటే అసలు విషయం వేరు. ఇంట్లో పెద్దకొడుకు "అబ్బా బండి, నాదే" అనుకోవడం మామూలే. కానీ షరియత్ ప్రకారం ఆ బండి తర్కాలో భాగం. అప్పులు, వసీయత్ తీరాక మిగిలిన దాంట్లో పిల్లలున్న తల్లికి 8వ వంతు ఉంటుంది. మిగతా పంపకంలో కొడుకుకు కూతురి కంటే రెట్టింపు వస్తుంది. అంటే ఆ తుప్పు పట్టిన బండిలో అమ్మీకి, పెళ్ళయిపోయిన ఆపాకు కూడా హక్కు ఉంది. ఇప్పుడది ఇనుప సామాను రేటు పలకొచ్చు. బాగు చేశాక అదే బండికి మంచి ధర వస్తుంది, గొడవలు వచ్చేది కూడా అప్పుడే. అందుకని పని మొదలు పెట్టకముందే, ఉన్నది ఉన్నట్టుగా బండికి ఒక ధర కట్టించి, అందరి వాటాలు ఇచ్చేయడమో, వాళ్ళు సంతోషంగా వదిలేసుకుంటే అదే మాట కాగితం మీద రాయించుకోవడమో చేయాలి. వారసులు ఎక్కువగా ఉండి లెక్క తేలకపోతే దగ్గర్లోని ఆలిమ్‌ను అడగాలి.

ఆర్టీఏ వాళ్ళ లెక్క విడిగా ఉంది. ఓనరు చనిపోతే వారసుడు 30 రోజుల్లోపు ఆ సంగతి తెలియజేసి, 3 నెలల్లోపు ఫారం 31 పెట్టి ఆర్‌సీ తన పేరు మీదికి మార్చుకోవాలి. డెత్ సర్టిఫికెట్‌తో పాటు మిగతా వారసుల ఒప్పుదల కాగితం కూడా సాధారణంగా అడుగుతారు. ఏళ్ళు గడిచిపోయినవాళ్ళు ఆలస్యపు రుసుము కట్టుకోవాలి, దానికి భయపడి వదిలేయొద్దు. బతికున్నవారి దగ్గర కొంటే ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు కావాలి. "కాగితాలు తర్వాత ఇస్తాను" అన్న అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మేలు.

15 ఏళ్ళు దాటితే బండి స్క్రాపే అని చాలామంది అనుకుంటారు. ఢిల్లీ చుట్టుపక్కల ఉన్న ఆంక్షల వార్తలు చూసి వచ్చిన అపోహ ఇది. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో సొంత బండికి 15 ఏళ్ళ తర్వాత ఫారం 25 పెట్టి, బండిని తనిఖీకి చూపించి, 5 ఏళ్ళకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవచ్చు. గ్రీన్ టాక్స్ బకాయి ఉంటే అది కూడా కట్టాలి. 50 ఏళ్ళు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ నిబంధనలు తెచ్చింది. కొత్తగా రిజిస్టర్ చేయించుకుంటే 'వీఏ' అక్షరాలతో నంబరు వస్తుంది. ఫీజు 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్ళు. ఇంతకుముందే రిజిస్టరైన బండి పాత నంబరే ఉంచుకోవచ్చు. అయితే వింటేజ్ కింద పెట్టిన బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు తప్ప రోజూ తిప్పకూడదు. రోజూ మసీదుకు, మార్కెట్‌కు వేసుకెళ్ళాలనుకునేవారికి మామూలు రెన్యువలే సరిపోతుంది. 1989కి ముందు నాటి మూడక్షరాల నంబరు ఉంటే దాన్ని కాపాడుకోవాలి, రిజిస్ట్రేషన్ పూర్తిగా పోగొట్టుకుంటే ఆ నంబరు మళ్ళీ రాదు.

ఏ బండికి ఏ కష్టం

మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీలో 1961 నుంచి 1996 దాకా జావా, యెజ్డీ బండ్లు తయారయ్యాయి. 250 సీసీ టూ స్ట్రోక్, రెండు సైలెన్సర్లు, కిక్కూ గేరూ రెండూ ఒకే రాడ్డుతో. ఇంజన్ లోపల భాగాలు తక్కువ కాబట్టి ఇంట్లో నేర్చుకునేవాడికి ఇదే మంచి బండి. చైను మొత్తం డబ్బాలో మూసి ఉంటుంది, దాంతో ముప్పై ఏళ్ళు మూలన పడి ఉన్నా చైను బాగానే ఉన్న బండ్లు కనిపిస్తాయి.

ఆర్‌ఎక్స్ 100 ను 1985 నుంచి 1996 వరకు ఎస్కార్ట్స్ వాళ్ళు యమహాతో కలిసి తయారు చేశారు. 98 సీసీ అయినా దాని చురుకు ఇంకా మరిచిపోనివారు ఉన్నారు. కుర్రాళ్ళ మోజు వల్ల దాని ఒరిజినల్ సామాన్లు ఇప్పుడు బాగా ఖరీదు. డూప్లికేట్ల మీద కూడా ఒరిజినల్ స్టిక్కర్ వేసి అమ్ముతారు.

మద్రాసులో 1955 నుంచి తయారైన బుల్లెట్‌కు సామాన్ల కొరత లేదు. కాకపోతే పాతవాటిలో కొన్ని చోట్ల ఇంగ్లిష్ మరలు ఉంటాయి. మిల్లీమీటర్ పానా ఇంచుమించు సరిపోయినట్టే ఉండి, గట్టిగా తిప్పేసరికి నట్టు మూలలు అరిగిపోతాయి. అలాంటి చోట ఇంచీ పానాలు తప్పనిసరి.

రాజ్‌దూత్ 350 మాత్రం మొదటి ప్రయత్నంగా పెట్టుకోకూడదు. దాని సామాన్ల కోసం తిరిగేవారి కష్టం చూసినవాళ్ళెవరూ ఆ సలహా ఇవ్వరు.

కిక్ కొట్టొద్దు

దుప్పటి తీయగానే అందరూ చేసే పని కిక్ కొట్టడం. ఏళ్ళ తరబడి ఆగిన ఇంజన్‌లో రింగులు బోరుకు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. బలంగా కొడితే రింగు విరగొచ్చు, కిక్ షాఫ్టు పళ్ళు పోవచ్చు. ముందు ప్లగ్గు విప్పి, డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి ఒక చిన్న టీ గ్లాసులో సగం దాకా ప్లగ్గు రంధ్రంలో పోయాలి. రెండు మూడు రోజులు అలాగే వదిలేయాలి. తర్వాత బండిని టాప్ గేరులో వేసి, వెనక చక్రాన్ని చేతితో ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపాలి. కాస్త కదిలిందంటే మళ్ళీ ఆయిల్ పోసి ఇంకో రోజు ఆగాలి. వారానికి కూడా కదలకపోతే హెడ్ విప్పాలి. పిస్టన్ మీద ఇనుప సుత్తితో కొట్టడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు. అది అల్యూమినియం, ఒక్క దెబ్బకు పోతుంది.

బుల్లెట్ విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. చాలాకాలం నిలబడితే ఆయిల్ ట్యాంకులోని ఆయిల్ కిందికి దిగి క్రాంక్ కేసులో నిండిపోతుంది. కింది బోల్టు తీసి దాన్ని ఖాళీ చేసి, కొత్త ఆయిల్ పోసిన తర్వాతే తిప్పి చూడాలి.

ఇంజన్ తిరుగుతుంటే, ఏదీ విప్పకముందే ఒకసారి స్టార్ట్ చేయడానికి ప్రయత్నించాలి. పాత పెట్రోలు పూర్తిగా పారబోసి, కార్బొరేటర్ విప్పి జెట్లు శుభ్రం చేసి, ఒక సీసాలో కొంచెం కొత్త పెట్రోలు పెట్టి పైపు ద్వారా ఇవ్వాలి. టూ స్ట్రోక్ అయితే అందులో ఆయిల్ కలపాలి. అయిదు నిమిషాలు నడిచినా గేర్లు పడుతున్నాయా, క్లచ్ విడుతోందా, అడుగున శబ్దం వస్తోందా అన్నది తెలుస్తుంది. ఖర్చు ఎంత అవుతుందో చెప్పే పరీక్ష ఇదే. ముందు రంగు వేయించి, తర్వాత ఇంజన్ చూసినవాళ్ళు ఆ రంగు మీద గీతలు పడుతుంటే చూస్తూ కూర్చోవాల్సి వస్తుంది.

విప్పడం కన్నా గుర్తుంచుకోవడం కష్టం

పెద్ద వర్క్‌షాప్ అక్కర్లేదు. వరండాలో ఒక మూల, పైన నీడ, కింద పాత తెల్ల దుప్పటి ఉంటే చాలు. తెల్లది ఎందుకంటే జారిపడిన చిన్న స్ప్రింగ్ దాని మీద కనిపిస్తుంది. రింగ్ పానాల సెట్టు, బాక్స్ పానాలు, ఫీలర్ గేజ్, ఒక చవకరకం మల్టీమీటర్, సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ కావాలి. చివరిది లేకుండా ఆర్‌ఎక్స్ 100 సైడు కవర్ స్క్రూలు విప్పబోయి తలలు అరగ్గొట్టనివారు అరుదు. దాని మాగ్నెట్ తీయడానికి పుల్లర్ తప్పక వాడాలి, సుత్తితో కొడితే క్రాంక్ పాడవుతుంది. పనిముట్లు హైదరాబాద్‌లో రాణిగంజ్‌లో, సామాన్లు పుత్లీబౌలిలో, విజయవాడవైపు అయితే ఆటోనగర్‌లో దొరుకుతాయి. ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్‌లో పాత పానాలు చవగ్గా వస్తాయి. కానీ నంబరున్న ఇంజన్ కేసు, ఫ్రేము మాత్రం కాగితం లేకుండా ఎక్కడా కొనకూడదు, అది ఎవరి ఇంటి నుంచి పోయిందో తెలియదు.

ప్రతి భాగం విప్పే ముందు ఫోన్‌లో ఫొటో, విప్పిన తర్వాత ఇంకో ఫొటో తీయాలి. వైరు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళిందో, వాషర్ ఏ వైపు ఉందో రెండు నెలల తర్వాత గుర్తుండదు. గుడ్ల ట్రే తెచ్చుకుంటే ఒక్కో గుంటలో ఒక్కో చోటి నట్లు పెట్టుకోవచ్చు. పెద్దవాటిని కవర్లలో వేసి లోపల చీటీ పెట్టాలి. పాడైన భాగాన్ని కూడా కొత్తది బిగించి బండి నడిచేదాకా పారేయొద్దు. షాపులో ఇచ్చింది తప్పు సైజు అని పట్టించేది ఆ పాత ముక్కే. కొత్త డూప్లికేట్ కన్నా కొంచెం అరిగిన ఒరిజినలే మేలైన సందర్భాలు కూడా ఉంటాయి, ముఖ్యంగా గేర్లు, కార్బొరేటర్ విషయంలో.

బోరు అరిగితే లేత్ షాపుకు పోవాలి. ఇక్కడ చాలామంది వరస తప్పుతారు. ముందు బోరు కొట్టించి, తర్వాత పిస్టన్ కొంటారు. ముందు ఓవర్‌సైజ్ పిస్టన్ కొని, అది 0.25 అయినా 0.50 అయినా, ఆ పిస్టన్‌నూ సిలిండర్‌నూ కలిపి ఇచ్చి దానికి తగ్గట్టు బోరు కొట్టమనాలి. ఇంటికి తెచ్చాక బోరును సబ్బు, వేడినీళ్ళతో కడగాలి. పెట్రోలుతో తుడిస్తే రాపిడి పొడి పూర్తిగా పోదు. తెల్ల గుడ్డతో తుడిచి గుడ్డ తెల్లగానే ఉంటే అప్పుడు ఆయిల్ పూయాలి.

టూ స్ట్రోక్ ఇంజన్ పూర్తిగా విప్పినప్పుడు క్రాంక్ ఆయిల్ సీళ్ళు మార్చకుండా మూయొద్దు. వాటి ఖరీదు కొద్దే. యెజ్డీలో ప్రైమరీ చైను వైపు సీల్ ఎండిపోతే లోపలి ఆయిల్‌ను ఇంజన్ పీల్చుకుని సైలెన్సర్లు రెండూ పొగ మేఘాలు వదులుతాయి. డైనమో వైపు సీల్ పోతే గాలి లాగుతుంది. మిక్స్ పలచబడి, ఇంజన్ వేడెక్కి, కొత్త పిస్టన్ జామ్ అవుతుంది. కొత్తగా బోరు కొట్టించిన ఇంజన్ వారంలో పట్టేసిందంటే లేత్ వాడిని తిట్టేముందు ఈ సీల్ చూడాలి.

బుల్లెట్‌లో టాపెట్లు ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, కంప్రెషన్ మీద పిస్టన్ పైన ఉండగా సరిచేయాలి. పుష్ రాడ్ వేళ్ళతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. పాయింట్లున్న బండ్లలో గ్యాప్ 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య ఉంచాలి. పాత 6 వోల్టుల బండ్లలో లైటు మసకగా ఉందని వెంటనే బ్యాటరీ మార్చేస్తారు. చాలాసార్లు తప్పు ఎర్త్‌లో ఉంటుంది. ఫ్రేముకు కొత్త రంగు వేసినప్పుడు ఎర్త్ వైరు బిగించే చోట రంగు గీకడం మరిచిపోతారు, కరెంటుకు దారి ఉండదు.

ట్యాంకు, పెట్రోలు, పిల్లలు

ట్యాంకు లోపల తుప్పుకు ఇంట్లోనే మందు ఉంది. నిమ్మ ఉప్పు లీటరు గోరువెచ్చని నీటికి సుమారు 50 నుంచి 100 గ్రాములు కలిపి, ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచాలి. కుళాయి తీసేసి ఆ రంధ్రం మూయాలి. తుప్పు మొండిగా ఉంటే కొన్ని నట్లు వేసి ఊపి, లెక్కపెట్టి మళ్ళీ బయటికి తీయాలి. తర్వాత తినే సోడా కలిపిన నీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, వెంటనే కొంచెం టూ టీ ఆయిల్ లోపల తిప్పాలి. ఆలస్యం చేస్తే గంటల్లోనే కొత్త తుప్పు వస్తుంది.

ట్యాంకుకు చిల్లి ఉంటే ఇంట్లో వెల్డింగ్ చేయడం ప్రాణాలతో చెలగాటం. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే లోపల పెట్రోలు ఆవిరి గాలితో కలిసి ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు. హెయిర్ డ్రయ్యర్ పెట్టి ఆరబెట్టడం కూడా అంతే. ట్యాంకులు మాత్రమే చేసే వెల్డర్‌కు ఇవ్వాలి.

పెట్రోలును నీళ్ళ సీసాలో, కూల్ డ్రింక్ సీసాలో పోసి పెట్టొద్దు. దాహమేసిన పిల్లవాడు సీసా మీద రాసింది చదవడు. వంటగది దగ్గర, గీజరు దగ్గర కార్బొరేటర్ కడగొద్దు. పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి డ్రమ్ములోని దుమ్మును నోటితో ఊదకుండా తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి. లుంగీతో, వదులు కుర్తాతో, దుపట్టాతో తిరిగే చైను దగ్గర కూర్చోకూడదు. వేళ్ళు పోయేది ఎక్కువగా చైను శుభ్రం చేసేటప్పుడే, అదీ ఇంజన్ ఆన్‌లో పెట్టి శుభ్రం చేసేవాళ్ళకే. కాస్టిక్ సోడాతో సైలెన్సర్ జాలీ మసి వదిలించే పాత పద్ధతి పనిచేస్తుంది కానీ అది అల్యూమినియాన్ని తినేస్తుంది, కళ్ళలో పడితే చూపు పోతుంది. గ్లోవ్స్, కళ్ళజోడు లేకుండా ముట్టుకోవద్దు.

యెజ్డీకి లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిల్ కలపడం పాత లెక్క, అంటే 5 లీటర్లకు 200. కొత్త రకం ఆయిళ్ళతో కొందరు తగ్గిస్తారు. కొత్త పిస్టన్ వేసినప్పుడు మాత్రం తగ్గించొద్దు. ఆర్‌ఎక్స్ 100 లో ఆయిల్ పంపు విడిగా ఉంటుంది. ఇంజన్ విప్పి బిగించాక పంపులో గాలి లేకుండా బ్లీడ్ చేయాలి, మొదటి ట్యాంకు పెట్రోలులో లీటరుకు 20 మిల్లీలీటర్లు అదనంగా కలిపితే ధైర్యంగా ఉండొచ్చు. ఇప్పుడొస్తున్న ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును ఉబ్బిస్తుంది, తేమను పీలుస్తుంది. పైపు, కుళాయి వాషర్లు కొత్తవి వేయాలి. నెలల తరబడి బండి తీయనివాళ్ళు ట్యాంకు, కార్బొరేటర్ ఖాళీ చేసి పెట్టాలి.

రంగు, సైలెన్సర్, మొదటి రైడు

రంగు ఇంట్లో వేయాలన్న ఆశ మంచిదే కానీ హార్డెనర్ కలిపే టూకే రంగుల పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, మామూలు గుడ్డ మాస్కు ఆపదు. పైగా అమ్మీ ఆరేసిన బట్టల మీద మెరూన్ చుక్కలు పడితే బండి ప్రాజెక్టు అక్కడితో సరి. గీకడం, పట్టీ పెట్టడం, ప్రైమర్ దాకా ఇంట్లో చేసుకుని చివరి కోటు బూతులో వేయించడం నయం. ఆర్‌సీలో ఉన్న రంగే వేయాలి, మార్చితే ఆర్టీఏలో రాయించుకోవాలి. క్రోమ్ చేయించేటప్పుడు బఫింగ్ వాడు ఎక్కువ అరగదీసి కంపెనీ అక్షరాలు చెరిపేయకుండా ముందే చెప్పాలి.

సైలెన్సర్ లోపలి జాలీ తీసేసి మోగించడం చట్టప్రకారం తప్పు, చలానా పడుతుంది. టూ స్ట్రోక్ బండిలో అయితే జాలీ తీస్తే పికప్ కూడా దెబ్బతింటుంది. జొహర్ జమాత్ నిలబడిన సమయంలో మసీదు వెనక సందులో ట్యూనింగ్ చేసి మొహల్లా అంతటితో మాట పడ్డ కుర్రాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు.

రోడ్డెక్కే ముందు టైరు పక్కన నాలుగు అంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్ళు దాటినదైతే, గాట్లు ఎంత లోతుగా ఉన్నా, మార్చేయాలి. బ్రేకు, క్లచ్, యాక్సిలరేటర్ కేబుళ్ళు మూడూ కొత్తవి వేసుకోవాలి. ఇన్సూరెన్స్ చేయించాలి. మొదటి రైడు ఒక్కరే, హెల్మెట్‌తో, ఖాళీ రోడ్డు మీద, ఇంటికి తోసుకుంటూ రాగలిగినంత దూరమే. చల్లారాక హెడ్ నట్లు మళ్ళీ ఒకసారి బిగించి చూడాలి. మొదటి 500 కిలోమీటర్లు గంటకు 40, 50 దాటకుండా, ఒకే వేగంతో ఎక్కువసేపు పోకుండా, మధ్యమధ్య ఆపుకుంటూ నడపాలి. అప్పుడు ప్లగ్గు విప్పి చూస్తే కొన టీ రంగులో ఉండాలి. తెల్లగా ఉంటే మిక్స్ పలచన, నల్లగా జిడ్డుగా ఉంటే పెట్రోలో ఆయిలో ఎక్కువ. తెల్లగా ఉన్న ప్లగ్గుతో ఇంకో కిలోమీటరు కూడా పోకుండా ఆపి, గాలి ఎక్కడి నుంచి వస్తోందో వెతకాలి.